వర్క్‌షాప్ అని పిలిచి డప్పు చేతికివ్వకుండానే పంపించారు

పల్లెపదం
పోయిన శని, ఆదివారాలు ఒక జానపద సంగీత ఉత్సవానికి వెళ్ళొచ్చాను. ఎక్కడ, ఎవరు పెట్టారు అన్నది వద్దు, వాళ్ళని బజారుకీడ్చడానికి రాయట్లేదు. పోస్టర్ మీద డప్పు వర్క్‌షాప్, కిన్నెర వర్క్‌షాప్, బుర్రకథ వర్క్‌షాప్ అని మూడు ఉన్నాయి, స్టేజి ప్రోగ్రాముల కంటే వీటి కోసమే పేరిచ్చాను. డప్పు దగ్గర మేము డెబ్బై మంది దాకా ఉన్నాం, డప్పులు ఆరు. గంట టైములో నలభై నిమిషాలు ఒకాయన మైకు పట్టుకుని డప్పు గొప్పతనం చెప్పారు, ఆయన వాయించే మనిషి కాదు. వాయించే పెద్దాయన పక్కన ప్లాస్టిక్ కుర్చీలో చేతులు కట్టుకుని కూచున్నారు. చివర్లో ఐదు నిమిషాలు వాయించమన్నారు, తర్వాత ఫోటోలు, అయిపోయింది. నా వంతు రాలేదు. నాకే కాదు, చాలామందికి రాలేదు. బుర్రకథ దగ్గర వేరేగా జరిగింది, అది తర్వాత చెప్తా.

ఇంతకీ అడగాలనుకున్నది: చేత్తో నేర్పే వర్క్‌షాప్ అంటే ఎలా ఉండాలి? మీలో ఎవరైనా వెళ్ళి నిజంగా ఏదన్నా పట్టుకుని వచ్చారా? కళాకారుల ఇళ్ళ నుంచి ఎవరైనా ఉంటే వాళ్ళ మాటే ముందు వినాలని ఉంది.

నిద్రగన్నేరు
గంటలో డప్పు ఎవరికొస్తుందండీ. పదేళ్ళు నేర్చుకునేదాన్ని గంటలో నేర్పిస్తాం అన్నవాళ్ళది తప్పు, నమ్మి వెళ్ళడం కూడా తప్పే.

పల్లెపదం
@నిద్రగన్నేరు వచ్చేస్తుందని నేనూ అనుకోలేదు. ఒక్క దెబ్బ సరిగ్గా వేస్తే చాలు అనుకుని వెళ్ళా. ఆ ఒక్కటీ దక్కలేదనే బాధ.

చిర్ర_సిటికెన
మా ఇంట్ల నాలుగు తరాల నుంచి డప్పు ఉన్నది అక్కా, నేను రాస్త. పొడుగైతది, ఏమనుకోకున్రి.

గంటల డప్పు రాదన్నది నిజమే గని గంటల నేర్పేటిది ఒకటుంటది. అది కొట్టుడు గాదు, కాపుడు. డప్పు తోలు మేకతోలు, సల్లగాలి తగిలితే మెత్తబడ్తది, కొడ్తే దుప్పటి మీద కొట్టినట్టు బొద్దుగ వినవడ్తది. గడ్డి మంటేసి దూరంగ తిప్పుకుంట కాపితె తోలు బిగుసుకుంటది, అప్పుడు మోగుతది. ఎంతసేపు కాపాల్నో ఎవ్వడు గడియారం చూసి చెప్పడు, నడిమిట్ల వేలుతోని టక్కున కొట్టి విని చెప్తరు. ఎక్కువైతే పగులుతది. మా నాయిన నాకు ఆరేండ్లప్పుడు మొట్టమొదలు ఇచ్చిన పని గదే, కాపి తెమ్మనుడు. కొట్టనిచ్చింది శాన్నాళ్ళకు.

రెండోది, పుల్లలు. కుడిచేతిల పట్టుకునేది చిర్ర, పొట్టిగ దొడ్డుగ ఉంటది. ఎడమచేతిల సిటికెన పుల్ల, సన్నగ పొడుగ్గ. చిర్రతోని దెబ్బ, సిటికెనతోని సందులు నింపుడు. కొత్తోళ్ళు అందరు చిర్ర మీదనే జోరు చూపిస్తరు, ఎడమచెయ్యి ఊకె వేలాడుతది. నేను నేర్పితే మొదలు అర్ధగంట ఎడమచెయ్యే ఆడిపిస్త. గంట టైముల గీ రెండు చెప్పి, పదిమందికి పది డప్పులు చేతికిస్తే ఇంటికి పోయినంక బల్ల మీదనన్న కొట్టుకుంటరు. డెబ్బై మందికి ఆరు డప్పులంటే అది సూపుడే, నేర్పుడు గాదు.

సౌండ్‌బాక్స్
@చిర్ర_సిటికెన అన్నా కాపుడు గురించి ఒక మాట. నేను ఇలాంటి ప్రోగ్రాములకి సౌండ్ చేస్తా. మూసిన హాల్లో మంటకి పర్మిషన్ ఉండదు, అందుకే ఫైబర్ డప్పులు తెప్పిస్తారు. వాటికి కాపడం అక్కర్లేదు, వానలో కూడా అదే సౌండు. ఏసీ హాల్లో తోలు డప్పు పావుగంటకే దిగిపోతుంది, నేను మైకు పెంచుతూ కూచోవాలి.

చిర్ర_సిటికెన
ఫైబర్ డప్పు మేము గూడ కొడ్తం తమ్మీ, పెండ్లిళ్ళ సీజన్ల వానొస్తే అదే దిక్కు. తప్పు పడ్తలేను. గని వర్క్‌షాపు హాల్ల ఎందుకు పెట్టాలె? బయట చెట్టు కింద పెట్టున్రి, మంట గూడ పెట్టుకోవచ్చు. ఫైబర్ డప్పు చేతికిచ్చి ఇదే డప్పు అంటే ఆ పిల్లగానికి తోలు ఎట్ల మాట్లాడుతదో ఎన్నడు ఎర్కయితది?

బడిపంతులమ్మ
చెట్టు కింద అన్న మాట నూటికి నూరుపాళ్ళు. మా స్కూల్ పిల్లల్ని ముప్ఫై మందిని ఒక ఉత్సవానికి తీసుకెళ్ళాను. హాల్లో ఉన్నంతసేపు ఒకరినొకరు గిల్లుకోవడమే. బయట చెక్కభజన వాళ్ళు ప్రాక్టీసు చేసుకుంటుంటే అక్కడికి పరిగెత్తి, చెక్కలు అడిగి తీసుకుని, అరగంటలో అడుగులో అడుగేశారు. అది షెడ్యూల్లో లేనే లేదు. ఆ బృందంలో ఒకాయన పిల్లల కాళ్ళే చూస్తూ నిలబడ్డారు, తప్పేసినవాణ్ణి ఏమీ అనలేదు, వాడి పక్కకొచ్చి తను వేశారు. వాడు చూసి దిద్దుకున్నాడు. నేను ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత నెమ్మదైన పాఠం చెప్పలేదు.

తూరుపుగాలి
మాది విజయనగరం వైపు. మా ఊళ్ళో తప్పెటగుళ్ళు ఉన్నాయి, యాదవులు ఆడతారు. రేకు తప్పెట గుండెల మీద కట్టుకుని రెండు చేతులతో వాయించుకుంటా, కాళ్ళకి గజ్జెలు, ఎగురుతా గెంతుతా పాడాలి. ఇందులో ఇబ్బంది ఏటంటే వాయింపు ఒకటే నేర్పితే తప్పెటగుళ్ళు అవదు, అడుగు ఒకటే నేర్పినా అవదు, పాట ఒకటే నేర్పినా అవదు. మూడూ ఒక్క ఒంట్లోంచి రావాలి. మా మావయ్యని ఒకసారి సిటీకి పిలిచి వర్క్‌షాపు చెయ్యమన్నారు. ఆయన తప్పెట ముట్టుకోనివ్వలేదంట మొదటి గంట. అందరి చేతా గజ్జెలు కట్టించి చప్పట్లు కొడతా అడుగులు వేయించాడు. కొంతమంది మొహం ముడుచుకుని ఎళ్ళిపోయారు. ఉన్నోళ్ళకి సాయంత్రానికి వచ్చింది, ఉత్సవం ముగింపులో వాళ్ళు మావయ్య బృందం ఎనకాల నిలబడి ఆడారు కూడా.

పల్లెపదం
@తూరుపుగాలి అంటే ఆయనకి ఎంత టైమిచ్చారు?

తూరుపుగాలి
ఇచ్చింది గంటన్నరే. ఆయన సాయంత్రం దాకా లేవలేదు. తర్వాతి వర్క్‌షాపు వాళ్ళు పక్క చెట్టు కిందకి ఎళ్ళారు😀

వాలంటీర్_రెండు
ఇక్కడ అందరూ నిర్వాహకులదే తప్పు అంటున్నారు కాబట్టి నేనూ మాట్లాడాలి. పల్లెపదం గారు చెప్పిన ఉత్సవం కాదు, వేరేదానికి మూడేళ్ళుగా పని చేస్తున్నా. ముప్ఫై మందికే సీట్లు అని పెడతాం, గేటు దగ్గరికి వంద మంది వస్తారు. అందులో ముసలమ్మలు, చంటిపిల్లలతో వచ్చినవాళ్ళు. పొమ్మనలేం. అప్పుడు హాల్ నిండిపోతుంది, వాయిద్యాలు చాలవు, ఎవరో ఒకరు మైకు పట్టుకుని మాట్లాడితేనే గోల తగ్గుతుంది. ఇది కావాలని చేసేది కాదు. వాయిద్యాలు కొనడానికి డబ్బు ఉండదు, కళాకారులవి అడుగుదామంటే మొహమాటం.

గుమ్మెటమోత
వందమంది వచ్చినా కుదిరే వర్క్‌షాప్ ఒకటుంది, బుర్రకథ. మా తాతగారు వంత. కథకుడు మధ్యలో తంబుర భుజాన వేసుకుని, వేలికి అందె తొడుక్కుని నిలబడతాడు, పక్కన ఇద్దరు వంతలు డోలు లాంటి గుమ్మెటలతో. వంతల్లో ఒకరు కథ మధ్యలో ఊరి సంగతులు, రాజకీయం ఎత్తుకుంటే ఇంకొకరు హాస్యం. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరినీ వంతలు చేసెయ్యొచ్చు. కథకుడు ఒక చరణం అంటే వందమంది తందాన తాన అనాలి, సరైన చోట అనాలి, అదే అసలు కష్టం. ముందు అన్నా వెనక అన్నా కథ నడక చెడుతుంది. తాతగారు చిన్నప్పుడు నన్ను ఎదురుగా కూచోబెట్టుకుని కూరగాయల బేరం కూడా కథలా చెప్పేవారు, నేను తందాన అనకపోతే ఆపేసేవారు. అలా వచ్చింది నాకు.

పల్లెపదం
నేను పైన బుర్రకథ వేరేగా జరిగింది అన్నది ఇదే! గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక బృందం, ముగ్గురూ ఆడవాళ్ళు. ముందు అందరినీ నిలబెట్టారు. ఎవరికీ ఏ వాయిద్యమూ ఇవ్వలేదు. మా ఊరి నీళ్ళ ట్యాంకర్ గొడవని అప్పటికప్పుడు కథ చేసి ఎత్తుకున్నారు, మేము వంతలం. ఒక అబ్బాయి ఉన్నట్టుండి, అడగకుండానే, నడుమ దూరి మున్సిపాలిటీ మీద ఒక మాట విసిరాడు. కథకురాలు ఆగి, నవ్వి, వాణ్ణి చెయ్యి పట్టుకుని పక్కన నిలబెట్టుకుంది. తర్వాత ఇరవై నిమిషాలు వాడే వంత.

గుమ్మెటమోత
@పల్లెపదం ఆవిడకి దణ్ణం. మా వైపు బుర్రకథలు చెప్పిన షేక్ నాజర్ గారి గురించి పెద్దవాళ్ళు చెప్పేదీ ఇలాంటిదే, జనం మధ్య ఏం జరుగుతుందో అది కథలోకి లాగేసేవారట. ఆయనకి 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన చెప్పే రోజుల్లో బుర్రకథ అంటే పొలంలో పని చేసి వచ్చినవాళ్ళు రాత్రి తెల్లవార్లూ కూచునేవాళ్ళు. ఇప్పుడు స్టేజి మీద పన్నెండు నిమిషాలు ఇస్తున్నారు. పన్నెండు నిమిషాల్లో అల్లూరి సీతారామరాజు అడవిలోకి కూడా వెళ్ళలేడు.

నిద్రగన్నేరు
😂 నిజం. కానీ వర్క్‌షాప్ మాట వదిలేస్తే, నాకు స్టేజి ప్రోగ్రామే ముఖ్యం అనిపిస్తుంది. కళాకారుడు తన పనిలో ఉన్నప్పుడు చూడటమే గొప్ప. చేతికివ్వండి చేతికివ్వండి అనే ధోరణి నాకు నచ్చదు, ప్రతిదీ మనం ముట్టుకోవాలా? కిన్నెర వాయించే పెద్దాయన ఉన్నారనుకోండి, డెబ్బై ఏళ్ళ మనిషి, ఆయన కిన్నెర ఆయనది.

సొరబుర్ర
@నిద్రగన్నేరు కిన్నెర విషయంలో మీరన్నది చాలా వరకు ఒప్పుకుంటా. ఒక్కొక్కరికి ఉన్నది ఒక్క కిన్నెర, అది పగిలితే మళ్ళీ చెయ్యడానికి నెలలు. దర్శనం మొగిలయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు, 2022లో పద్మశ్రీ వచ్చింది, అప్పటి నుంచి కిన్నెర అంటే అందరికీ తెలిసింది. కానీ కిన్నెర వాయించడం నేర్పే వర్క్‌షాప్ కంటే కిన్నెర చేసే వర్క్‌షాప్ మంచిదని నా అనుభవం.

నేను ఒకటి చేశాను కాబట్టి చెప్తున్నా. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తీగలు. కాయ తీగ మీదే ముదరాలి, కోసిన తర్వాత నీడలో ఎండాలి, లోపల గింజలు గలగలలాడితే అప్పుడు తొలచాలి. నాది మొదటిది పచ్చిగా ఉండగానే కోశా, నెలకి బూజు పట్టి కుళ్ళింది. మెట్లు నిలబెట్టడానికి తేనెమైనం. పాతకాలం వాళ్ళు మెట్లకి అలుగు అనే జంతువు పొలుసులు వాడేవారు. ఇప్పుడు అది కుదరదు, కూడదు కూడా, అలుగు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. నేను కొబ్బరి చిప్ప ముక్కలు అరగదీసి పెట్టా. సౌండు అంత రాదు కానీ మెట్టు మీద వేలు పెడితే స్వరం ఎక్కడ మారుతుందో తెలుస్తుంది. ఒకసారి చేత్తో చేశాక, వాయించేవాళ్ళని వినే చెవి మారిపోయింది నాకు. ఏ మెట్టు మీద మైనం కరిగి జారిందో కూడా పట్టేస్తున్నా.

సౌండ్‌బాక్స్
కిన్నెర సౌండు చాలా చిన్నది, దయచేసి పెద్ద స్టేజి మీద డప్పు బృందం తర్వాత వెంటనే పెట్టకండి. జనం చెవులు అప్పటికే గుయ్యిమంటుంటాయి. నేను బుర్ర దగ్గర ఒక మైకు, గొంతుకి ఒకటి పెడతా. అయినా ఇరవై మంది చుట్టూ కూచుని వింటే వచ్చేది మైకులో రాదు, సౌండ్ చేసేవాణ్ణి నేనే చెప్తున్నా.

అనంతఉరుము
మా అనంతపురం వైపు ఉరుముల వాళ్ళు ఉండారు. ఉరుము అనే వాయిద్యం మీద పుల్లతో రుద్దితే గుర్రుమంటాది, నిజంగానే మబ్బు ఉరిమినట్టే. ఈ ఉత్సవాల పోస్టర్లలో డప్పు, కోలాటం తప్ప మా ఉరుములు ఎప్పుడూ కనపడవు. పిలిచినా ఊరేగింపులో ముందు నడిపించడానికే పిలుస్తారు. వర్క్‌షాపు చెయ్యమని అడిగినోళ్ళని నేను చూడలేదు.

బడిపంతులమ్మ
@అనంతఉరుము ఉరుము రుద్దడం పిల్లలకి నేర్పితే ఇళ్ళల్లో పళ్ళేలన్నీ రుద్దేస్తారు, అయినా సరే పిలవాలి. ఊరేగింపుకి పిలవడం, నేర్పమని పిలవడం, రెండిట్లో కళాకారుడికి ఇచ్చే మర్యాదే వేరు.

చిర్ర_సిటికెన
మర్యాద మాట వచ్చింది గనక చెప్తున్న. మా తాత డప్పు ఇష్టపడి కొట్టలే. ఊర్ల చావైతే కొట్టాలె, జాతరైతే కొట్టాలె, దండోర వెయ్యాలె, అది వెట్టి. మాదిగోళ్ళు కాబట్టి కొట్టాలె, అంతే. ఆయనకు ఎవ్వరు దగ్గరికొచ్చి ఎట్ల కొడ్తున్నవు అని అడగలే. మా పెదనాయిన గందుకే డప్పు వదిలేసిండు, కొడుకులను ముట్టనియ్యలే, ఆయన్ని నేను తప్పు పట్ట. మా నాయిన మాత్రం తెలంగాణ ఉద్యమం వచ్చినంక ధూంధాంలల్ల కొట్టిండు, అప్పుడు తలెత్తుకుని కొట్టిండు. ఇద్దరు అన్నదమ్ములు, ఒకే డప్పు.

వర్క్‌షాపుల మైకు పట్టుకుని డప్పు మన సంస్కృతి అని చెప్పేటోళ్ళు ఈ ముచ్చట చెప్పరు. పెద్దాయన్ను కుర్చీల కూసోబెట్టి వేరేటోళ్ళు మాట్లాడిన్రని అక్క రాసింది చదివినంక నాకు అదే యాదికొచ్చింది. ఆయన్నే మాట్లాడనియ్యున్రి. ఆయనకు మాటలు రావనుకుంటరు, డప్పు చేతిలుంటే ఎట్ల మాట్లాడుతడో చూడలేదు వాళ్ళు.

నిద్రగన్నేరు
ఇది నేను ఆలోచించలేదు. నేను స్టేజి మీద చూడటమే చాలు అన్నాను, కానీ మీ తాతగారిని ఎవరూ వచ్చి అడగలేదు అన్నారు చూడండి, అక్కడ ఆగిపోయాను. అడగడానికి వెళ్ళే చోటు వర్క్‌షాప్ అయితే అది ఉండాల్సిందే. నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నా.

వాలంటీర్_రెండు
@చిర్ర_సిటికెన అన్నా, ఈసారి మా మీటింగులో ఇది చదివి వినిపిస్తా, మీకు అభ్యంతరం లేకపోతే. ఒక్క సందేహం. కొన్నిచోట్ల కళాకారులే నేర్పడానికి ఇష్టపడరు. ఒగ్గు కథ వాళ్ళని అడిగాం ఒకసారి, స్టేజి మీద చెప్తాం కానీ నేర్పం అన్నారు. బలవంతపెట్టాలా వద్దా తెలియలేదు.

కొమురెల్లి_బాట
ఒగ్గు కథ గురించి నేను చెప్త. అది మల్లన్నది, బీరప్పది, ఎల్లమ్మది. ఒగ్గు అంటేనే శివుని డమరుకం. మా దగ్గర పట్నాలు ఏసేటప్పుడు చెప్పే కథ అది, పసుపు కుంకుమలతోని ముగ్గేసి దేవుని ముందట చెప్పేది. దాన్ని గంట వర్క్‌షాపుల నేర్పుడు అంటే ఇష్టపడని పెద్దోళ్ళు ఉంటరు, వాళ్ళది వాళ్ళిష్టం, బలవంతం పెట్టొద్దు. గని డోలు ఆట వేరే. ఒగ్గు డోలు విన్యాసాలు యువకులు మస్తు ఇష్టంగ నేర్పుతరు. బరువు చూసి పిల్లగాండ్లు బేజారైతరు గని. చుక్క సత్తయ్య, మిద్దె రాములు అసొంటోళ్ళు ఒగ్గు కథను ఊరు దాటించి పెద్ద పెద్ద స్టేజీలు ఎక్కిచ్చిన్రు. వాళ్ళు ఎక్కిచ్చిన్రు గని దేవుని ముందట కథ చెప్పుడు ఆపలే. రెండు నడుస్తయి.

తూరుపుగాలి
@కొమురెల్లి_బాట ఇది బాగా చెప్పారు. ఏది నేర్పొచ్చు, ఏది చూపించి ఊరుకోవాలి అన్నది కళాకారులనే అడగాలి. ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ ఆట కూడా అంతే కదా, దీపావళికి దండారీ పండగలో ఆడేది, నెమలీకల టోపీ అంటే వాళ్ళకి దేవుడే. ఆ ఆట ఆడే కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో పోయారు. ఆ టోపీ తెచ్చి అందరూ పెట్టుకుని సెల్ఫీ తీసుకోండి అన్న చోట నేనున్నాను ఒకసారి, నాకే కడుపులో తిప్పింది.

నిద్రగన్నేరు
సెల్ఫీ వాళ్ళ సంగతి ఎత్తకండి, రాత్రంతా రాస్తా.

సొరబుర్ర
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. స్టేజికి ఒక రేటు మాట్లాడతారు, వర్క్‌షాప్ ఎలాగూ వచ్చారు కదా అని ఊరికే చేయించుకుంటారు. నేర్పడం స్టేజి కంటే ఎక్కువ పని. నా గురువుగారికి ఒకచోట బస్సు ఛార్జీలు కూడా నాలుగు నెలలకి వచ్చాయి, అదీ అరవై సార్లు ఫోన్ చేస్తే.

వాలంటీర్_రెండు
ఇది ఒప్పుకుంటున్నా. మా దగ్గర రెండిటికీ కలిపి ఒకే మొత్తం. ఈసారి విడిగా రాయిస్తా, వచ్చిన రోజే చేతికిచ్చేలా చూస్తా. ఇంకో ఆలోచన, చెప్పండి ఎలా ఉందో: గేటు దగ్గరికి వచ్చే వందమందినీ బుర్రకథకి పంపించి, డప్పుకి పదిహేను మందినే పెడితే? ఆ పదిహేను మందీ రెండు రోజులూ రావాలి, ముగింపులో బృందంతో కలిసి వాయించాలి.

గుమ్మెటమోత
వందమంది వంతలు! పంపించండి, మేం చూసుకుంటాం.

చిర్ర_సిటికెన
పదిహేను మందికి పదిహేను డప్పులు మా బృందమే తెస్తది. గడ్డి మీరు పెట్టున్రి. అది తడవకుంట చూడున్రి, తడిగడ్డి పొగనే వస్తది.

పల్లెపదం
నేను మొదటి పేరు ఇచ్చేస్తున్నా. ఒక్క అనుమానం, సిగ్గుపడకుండా అడుగుతున్నా. నాది ఎడమచేతి వాటం. చిర్ర ఏ చేత్తో పట్టాలి?

చిర్ర_సిటికెన
అటుదిటు మార్చి పట్టుకో అక్కా, ఏం గాదు, మా చిన్నాయిన గూడ ఎడమచేతోడే. గని గుంపుల కొట్టేటప్పుడు వరుసకు చివర్న నిలబడు, లేకుంటే పక్కోని మోచెయ్యి నీ మోచెయ్యి తాకుతయి.